చేనికి కంచె, చెట్టుకు చికిత్స

(గ్రామీణ శ్రోతల కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి పాఠం)

మెట్టనేలలో నాలుగెకరాలు సంపాదించినవాడు మొట్టమొదట వెదికేది నీటిజాడ చెప్పేవాణ్ణి. ఆ తరువాత వెదికేది కంచె వేసేవాణ్ణి. నీటిజాడ చెప్పేవానికి ఊరిలో గౌరవం ఉన్నది, బోరు వేసేవానికి పలుకుబడి ఉన్నది. కాని కంచె వేసేవానికి సరియైన పేరు కూడా ఇంకా స్థిరపడలేదు. కొన్ని ఊళ్లలో అతణ్ణి కంచె మేస్త్రి అంటారు. కొన్నిచోట్ల ఫెన్సింగు కంట్రాక్టరు అంటారు. రాయలసీమ పల్లెలలో కూసాలు పాతేవాడంటే చాలు, అందరికీ తెలుస్తుంది. పేరు ఏదైనా, అతడు చేసేది ఒక్క పని కాదు. ఎండకాలమంతా కూసాలు పాతి తీగ లాగుతాడు. కాయకోత ముగిసి తొలకరి వచ్చేసరికి కొడవలీ రంపమూ చేతబట్టి తోటలలో కొమ్మలు తీస్తాడు. గాలివాన వచ్చి చెట్టు ఇంటిమీద ఒరిగిన రాత్రి జనం పిలిచేదీ అతణ్ణే. ఈ వివిధమైన పనుల వెనుక ఉన్న తెలివి ఏమిటో, దానిని మనం ఎందుకు తెలిసికొనవలెనో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

పూర్వం మన గ్రామాలలో కంచె అనేది కొనుక్కునే వస్తువు కాదు. ఏటేటా చేసుకునే పని. తుమ్మకంప, రేగుకంప నరికి, చేనిగట్టు మీద ఒకదాని మొదలుపై మరొకదాని కొస పడేటట్లు పేర్చి, పంగలకర్రతో అదిమి కట్టినది వెలుగు. పెరటి చుట్టూ వెదురుబద్దతోనో కందికట్టెతోనో అల్లి నిలిపినది దడి. రాకపోకలకు వదిలిన కంతలో అడ్డంగా పెట్టి, కావలసినప్పుడు తీసి పక్కకు జరిపేది తడిక. ఒక్క ఇంగ్లీషు మాట ఫెన్సింగు అన్నింటినీ మింగక మునుపు ఈ మూడు మాటలకూ మూడు వేరువేరు అర్థాలు, మూడు వేరువేరు పనితనాలు ఉండేవి. అయితే ఎండుకంప చెదలకు ఆహారం. వాన కురిస్తే కుళ్లుతుంది, నిప్పురవ్వ పడితే కాలుతుంది. ఏడాది తిరిగేసరికి రైతు మళ్లీ గొడ్డలి భుజాన వేసుకోక తప్పేది కాదు.

వెలుగు తెగినచోట పశువు చేనిలో పడేది. చేనిలో పడిన పశువును బందెలదొడ్డికి తోలేవారు. యజమాని బందె కట్టి విడిపించుకొని పోయేవాడు. ఈ దొడ్లకు 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఆధారం. కట్టిన రుసుము కొద్దిదే కాని, దాని వెనుక రగిలిన పంతాలు తరాల తరబడి నడిచిన ఊళ్లు ఉన్నాయి. ఆ మాట ఎందుకు చెప్పవలసివచ్చిందంటే, కంచె పంటకూ పశువుకూ నడుమ మాత్రమే నిలబడదు. మనిషికీ మనిషికీ నడుమ కూడా నిలబడుతుంది. తన పని అక్కడ మొదలవుతుందని మంచి మేస్త్రి ఎరుగును.

ఎండుకంపకు బదులు బతికిన కంపనే కంచెగా పెంచవచ్చునని మన పెద్దలు ఏనాడో కనిపెట్టారు. గచ్చపొద, వాక, గోరింట, వావిలి, కిత్తనార ఇందుకు పనికివచ్చినవి. గచ్చపొద ముళ్లు లోపలికి వంగి ఉంటాయి గనుక దూరిన జంతువు సులభంగా బయటపడలేదు. వాకకు ముళ్లూ ఉన్నాయి, పచ్చడికి కాయలూ ఉన్నాయి. వావిలిని మేక ముట్టదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన సీమచింత, గ్లైరిసిడియా కూడా ఈ వరుసలో చేరాయి. గ్లైరిసిడియా కొమ్మ నరికి వానకాలంలో పాతితే వేరు పట్టుతుంది. ఏటా దాని రొట్ట పొలానికి పచ్చిరొట్ట ఎరువు అవుతుంది.

కాని బతికిన కంచెకు ఒక లక్షణం ఉన్నది. అది పెంచినవాని మాట విన్నంతకాలమే కంచె. వినడం మానిన మరుక్షణం అడవి. నాగజెముడు కథ ఇందుకు నిదర్శనం. అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్కను దక్షిణ భారతంలో కంచెల కోసం నాటారు. అట్ట విరిగి పడినచోటనే వేరుతన్నే స్వభావం దానిది. కొన్ని తరాలలో గట్టు దాటి, బీడు దాటి, సాగునేలలను కూడా ఆక్రమించింది. చివరకు 1926 ప్రాంతంలో సింహళం నుంచి ఒక జాతి కొచినీలు పురుగును తెచ్చి దానిపై వదిలారు. తెల్లని దూదివంటి కవచం కప్పుకొని ఆ పురుగు అట్టల రసం పీల్చి, కొద్ది సంవత్సరాలలో వేల ఎకరాలలోని జెముడును హతమార్చింది. సర్కారు తుమ్మ విషయంలో అటువంటి అదృష్టం మనకు కలగలేదు. వంటచెరకుకు, బీళ్ల పచ్చదనానికి తెచ్చిన ఆ మొక్క ఈనాటికీ చెరువుకట్టలను, వాగులను కమ్ముకొని ఉన్నది.

సజీవమైన కంచె ఎంతటి సేవ కోరుతుందో చెప్పే మరొక చరిత్ర ఉన్నది. ఉప్పుపన్ను ఎగవేతను అరికట్టడానికి 19వ శతాబ్దంలో ఆంగ్ల ప్రభుత్వం సింధునది నుంచి మహానది దాకా ఒక సుంకపు సరిహద్దును ఏర్పరచి, అందులో వందల మైళ్ల పొడుగున ముళ్లకంచెను పెంచింది. తరువాత కాంగ్రెసు మహాసభ స్థాపకులలో ఒకడుగా పేరుపొందిన ఎ. ఓ. హ్యూమ్ ఒకప్పుడు దానిపై అధికారి. చెదలు, కార్చిచ్చు, అనావృష్టి ఆ కంచెను ఏటా ఎక్కడో ఒకచోట తినివేస్తూనే ఉండేవి; వేలమంది సిబ్బంది దానికి కాపలా. 1879లో ఆ సరిహద్దు రద్దయింది. చూసేవాడు లేని కంచె నేలలో కలిసిపోయింది. మనిషి కనిపెట్టుకొని లేని కంచెకు ఆయుష్షు లేదు.

ఇక ఇనుపతీగ విషయం. ముళ్లతీగకు ఈనాడు మనం చూసే రూపాన్ని అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ ఇచ్చాడు. 1874లో దానికి పేటెంటు పొందాడు. ఒంటితీగకు ముల్లు చుట్టితే అది జారి ఒక మూలకు చేరుతుంది. రెండు తీగలను పురిపెట్టి, ముల్లును ఆ పురిలో బిగించడం అతని యుక్తి. చూడడానికి చిన్న విషయమే. కాని రాయీ కర్రా దొరకని మైదానాలకు అది కంచెను ప్రసాదించింది. మనకు మాత్రం రాతికి కొరత లేదు. అందుకే రాతికూసమూ ఇనుపతీగా కలిసిన కంచె రాయలసీమలోను తెలంగాణలోను స్థిరపడింది. తెలంగాణలో ఈ కూసాలనే కడీలు అంటారు.

అనంతపురం ప్రాంతంలో ఒక మేస్త్రి పని చేయిస్తూ ఉండగా నేను రెండు పగళ్లు దగ్గర కూర్చుండి చూశాను. అతడు గడ్డపార పట్టించక ముందు చేసిన మొదటి పని పొలం చుట్టూ ఒంటరిగా నడవడం. సర్వేరాళ్లు ఎక్కడ ఉన్నవి, గట్టు వాటికి లోపల ఉన్నదా వెలుపల ఉన్నదా, పక్కపొలంవానికి బండిదారి ఏది, గొర్రెలు నీళ్లకు దిగే బాట ఏది, వాన పడితే నీరు ఏ మూలనుంచి వస్తుంది, ఇవన్నీ చూసుకున్నాడు. ఒక రాయి కనబడలేదు. ఆ మూల పని ఆపివేసి, సర్వేయరు వచ్చి పక్కరైతు ఎదుట హద్దు చూపితేగాని కూసం దించనన్నాడు. రైతు విసుగుకున్నాడు. మేస్త్రి తొణకలేదు. “కూసం పాతేది ఒక గంట పని అన్నా. తప్పుగా పాతితే పీకేది కోర్టులో పదేండ్ల పని” అన్నాడు.

తరువాత లెక్క. శ్రోతలు ఈ లెక్కను కాస్త శ్రద్ధగా వినవలెనని కోరుతున్నాను. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. అది చదరంగా ఉంటే ఒక్కొక్క ప్రక్క సుమారు 209 అడుగులు. చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పదడుగులకు ఒక కూసం చొప్పున 84 కూసాలు. అయిదు వరుసల తీగకు సుమారు 4,175 అడుగులు, అనగా 1,270 మీటర్లకు పైగా. అదే ఎకరం 66 అడుగుల వెడల్పున, 660 అడుగుల పొడుగున పట్టీవలె ఉంటే చుట్టుకొలత 1,452 అడుగులవుతుంది. కూసాలు 145, తీగ 7,260 అడుగులు. నేల ఒక్కటే, పంట ఒక్కటే; ఖర్చు మాత్రం ఇంచుమించు ఒకటింముప్పావు రెట్లు. అన్నదమ్ములు పొలాన్ని నిలువునా చీల్చి పంచుకున్నప్పుడు ఈ నష్టం ఎవరి దస్తావేజులోను కనిపించదు.

దీనికి మారుమందు కూడా ఆ లెక్కలోనే ఉన్నది. చదరంగా ఉన్న నాలుగు ఎకరాలను నలుగురు విడివిడిగా కంచె వేసుకుంటే మొత్తం 3,340 అడుగులు. నలుగురూ కలిసి ఒకే చుట్టు వేసుకుంటే 1,670 అడుగులు, సరిగా సగం. లోపల హద్దుకు గట్టు చాలును. ఆ మేస్త్రి తన ఆదాయం సగమవుతుందని తెలిసికూడా ఈ మాట రైతులకు తానే చెప్పుతాడు. ఎందుకని అడిగితే, అట్లా చెప్పినచోట మరుసటి ఏడు పిలుపు తప్పకుండా వస్తుందన్నాడు.

కూసం సాధారణంగా ఏడడుగులది. రెండడుగులు నేలలో, అయిదడుగులు పైన. గుంతను ఇప్పుడు ట్రాక్టరుకు తగిలించిన బర్మాతో తవ్వుతున్నారు. రాతినేలలో మాత్రం గడ్డపారే గతి. గుంతలో కూసం నిలిపి మట్టినంతా ఒక్కసారిగా తోయరాదు. జానెడు మట్టి, గుప్పెడు రాతిముక్కలు, దిమ్మిసతో దెబ్బ. మళ్లీ జానెడు మట్టి. ఈ ఓపిక లేకపోతే మొదటి వానకే కూసం వదులవుతుంది.

కంచె బలమంతా మూలకూసంలో ఉన్నది. రెండు దిక్కుల తీగల లాగుడు దానిమీదనే పడుతుంది. అందుకే దానిని మరింత లోతుగా పాతి, రెండు ఏటవాలు ఊతలు ఇస్తారు. ఊత ఎటువైపు పెట్టవలె? కొత్తవాడు కంచెకు వెలుపల పెడతాడు. అది పొరపాటు. తీగ కూసాన్ని ఎటు లాగుతున్నదో ఆ వైపునే, తీగవరుస కిందనే, ఊతను వాల్చి కూసం పైభాగానికి ఆనించవలె. అప్పుడే లాగుడుకు ఎదురు నిలుస్తుంది. పొడుగు వరుసలో కూడా పది పదిహేను కూసాలకు ఒకచోట ఇటువంటి ఊతలు ఉండవలె.

తీగ లాగడంలోను శాస్త్రమున్నది. ఇనుము వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. నూరు మీటర్ల తీగ, ముప్పది డిగ్రీల ఉష్ణోగ్రత భేదానికి సుమారు మూడున్నర సెంటీమీటర్లు మారుతుంది. నడివేసవి మిట్టమధ్యాహ్నం వీణతీగవలె బిగించినది పుష్యమాసపు తెల్లవారుజామున ఇంకా ముడుచుకొని మూలకూసాన్ని లోపలికి వంచుతుంది. చలివేళ వదులుగా లాగినది వేసవిలో వేలాడుతుంది. అందుచేత మేస్త్రి వేసవి ఎండలో చేయి ఒకింత వదలి, చలిపొద్దున ఒకింత ఎక్కువ బిగిస్తాడు. తీగల ఎడం కూడా అంతటా ఒక్కటి కాదు. కింది తీగలు దగ్గర దగ్గరగా, పై తీగలు ఎడమెడంగా ఉంటాయి. మేకపిల్ల దూరేదీ, పంది ముట్టె పెట్టేదీ కిందనే.

వాగు అడ్డం వచ్చినచోట మరొక జాగ్రత్త. అక్కడ కూడా అదే వరుసలో తీగ లాగితే, వరదకు కొట్టుకువచ్చిన చెత్త దానికి చుట్టుకొని ఆనకట్టవలె నీటిని ఆపి, ఇరుప్రక్కల కూసాలను సైతం పెళ్లగించుకొని పోతుంది. కనుక వాగుమీద పైన ఒక గట్టి తీగ లాగి, దానికి తేలికైన తడికను వేలాడగట్టుతారు. వరద వస్తే తడిక లేచి దారి ఇస్తుంది. తగ్గితే మళ్లీ దిగుతుంది. ఒకవేళ కొట్టుకుపోయినా తడిక మాత్రమే పోతుంది.

ఇంతవరకు చెప్పినది పనితనం. ఇక చెప్పబోయేది ప్రాణానికి సంబంధించిన మాట.

అడవిపందులు ఒక్క రాత్రి దిగితే వేరుసెనగ చేను దున్నినట్లవుతుంది. అప్పుచేసి విత్తనం వేసిన రైతు తెల్లవారి ఆ చేనిలో నిలబడినప్పటి దుఃఖాన్ని తేలికగా తీసివేయరాదు. ఆ దుఃఖంలోనే కొందరు ఒక ఘోరమైన ఉపాయానికి పాల్పడుతున్నారు. మోటారుకు వచ్చే కరెంటునుంచి ఒక తీగ లాగి చేను చుట్టూ తిప్పుతున్నారు. నేను చూస్తూ ఉండగానే ఒక రైతు ఆ మేస్త్రిని ఇదే కోరాడు. కంచె మొత్తానికి ఇచ్చే కూలికన్న ఈ ఒక్క తీగకు ఎక్కువ ఇస్తానన్నాడు. మేస్త్రి చేతిలోని పట్టకారు కింద పెట్టాడు. “వద్దన్నా. కరెంటుకు కండ్లు లేవు. పంది ఏది, మనిషి ఏది అని అది చూడదు. రాత్రి నీళ్లు కట్టను వచ్చేది నీ కొడుకే కదా” అన్నాడు. రైతు మాట్లాడలేదు. ఆ పని మేస్త్రికి పోయింది. చెట్టు కింద భోజనం మూట విప్పుకుంటూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఈ భేదాన్ని శ్రోతలు స్పష్టంగా గ్రహించవలె. ఇంటికి, పంపుసెట్టుకు వచ్చే విద్యుత్తు ఎడతెగకుండా ప్రవహించేది. దానిని ముట్టుకున్న చేతి కండరాలు బిగుసుకొనిపోయి, తీగను వదలిపెట్టే శక్తిని కోల్పోతాయి. గుండె ఆగుతుంది. సౌరశక్తితో పనిచేసే కంచె అట్లా కాదు. అందులో ఒక ప్రత్యేక యంత్రం సుమారు సెకనుకొక్కసారి ఒక చిన్న తాడనం పంపుతుంది. ఆ తాడనం సెకనులో వెయ్యోవంతుకన్న తక్కువ సేపు మాత్రమే ఉంటుంది. ముట్టిన జంతువు అదిరి వెనుదిరుగుతుంది. విడిపించుకొనే వ్యవధి దానికి ఉంటుంది. అందుకు కూడా ప్రమాణమైన యంత్రం, వేరుగా ఎర్తు, హెచ్చరిక పలకలు ఉండవలె. ఆ కంచెకు నేరుగా కరెంటు తగిలిస్తే అదీ ఉరితాడే. కరెంటును దొంగిలించడం 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం నేరం. దానివల్ల మనిషి మరణిస్తే అది నరహత్య కేసు. చట్టం మాట అటుంచి, ఏ పంటా ఒక ప్రాణానికి ఈడు కాదు.

ఇప్పుడు చెట్ల వైపు వద్దాం. కంచెపనికీ చెట్టుపనికీ చుట్టరికం ఎక్కడ కలుస్తుందంటే, గట్టుమీది చెట్టు దగ్గర. వరుసలో ఒక వేపచెట్టు వస్తే, ఇక్కడ కూసం దండుగ, చెట్టుకే మేకు కొట్టు అని రైతు అంటాడు. మంచి మేస్త్రి కొట్టడు. చెట్టు పొడుగు పెరిగేది కొసలలో. కాండం పెరిగేది లావులో. కనుక నేటి మేకు పదేళ్ల తరువాత కూడా అదే ఎత్తులో ఉంటుంది, కాని బెరడు దానినీ తీగనూ మింగివేస్తుంది. తీగ తుప్పుపట్టి తెగుతుంది. గాయం గుండా బూజు చొరబడుతుంది. ఏనాడో ఆ దుంగ కోతమిల్లుకు చేరినప్పుడు, లోపల దాగిన ఇనుము రంపపు పళ్లను విరిచి కోసేవానిని గాయపరుస్తుంది. కనుక చెట్టుకు అటు ఒక కూసం, ఇటు ఒక కూసం పాతి, చెట్టును తాకకుండా తీగ నడిపించడమే ధర్మం.

కొమ్మ తీయడం అందరికీ వచ్చుననుకునే పని. సరిగా వచ్చినవారు తక్కువ. పెద్దకొమ్మను పైనుంచి ఒకే కోతలో తెగవేస్తే, సగం తెగేసరికి బరువుకు విరిగి, కాండం బెరడును కిందిదాకా చీల్చుకొని పడుతుంది. అందుకు మూడు కోతలు. మొదటిది కాండానికి మూరెడు దూరాన కొమ్మ అడుగున గాటు. రెండవది దానికి మరికొంత వెలుపల పైనుంచి కోత. కొమ్మ అక్కడ విరిగిపడుతుంది. మూడవది మిగిలిన మొండిని తీసివేసే కోత. ఈ చివరి కోత ఎక్కడ ఉండవలెననేదే అసలు కీలకం. కొమ్మ మొదట్లో మెడపట్టీవంటి ఉబ్బు ఒకటి కనిపిస్తుంది. ఆ ఉబ్బును గాయపరచక, దాని అంచుకు వెలుపల కోయవలె. మొండి మిగిల్చితే కుళ్లుతుంది. కాండానికి సమంగా చెక్కితే పెద్ద గాయమవుతుంది.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి దీనికి కారణం చూపాడు. మన చర్మం మానినట్లు చెట్టు గాయం మానదు. చెట్టు ఆ చెడిన భాగం చుట్టూ లోపల గోడలు కట్టుకొని, దానిని వెలివేసి, పైన కొత్త కొయ్యను పెంచుకుంటుంది. మెడపట్టీ ఆ గోడకు పునాది. ఒకవిధంగా చెట్టుకు కూడా కంచె వేసుకోవడం తెలుసును.

మామిడితోటలో మేస్త్రి పని కాయకోత ముగిసిన పిమ్మట. ఎండుకొమ్మలు, ఒకదానినొకటి ఒరసుకొనే కొమ్మలు తీసి లోపలికి వెలుతురు రానిస్తాడు. బదనిక కనబడితే అది పండక మునుపే, పట్టినచోటికి ఒక అడుగు దిగువన కొమ్మతో సహా కోస్తాడు. బదనిక పండు తిన్న పిట్టలు జిగురుగింజలను మరొక కొమ్మకు అంటించి వ్యాపింపజేస్తాయి. ఆకులు మాత్రం దూసివేస్తే అది మళ్లీ చిగురిస్తుంది. కాండం మీద రంధ్రమూ, దాని కింద రంపపుపొట్టూ కనబడితే లోపల తొలిచే పురుగు ఉన్నదని గుర్తు. వంచిన ఇనుపకడ్డీతో పురుగును లాగివేసి, కిరసనాయిలులో తడిపిన దూదిని లోపల దోపి, పైన మట్టితో మూసివేస్తారు. చీనీతోటలో బంక కారే తెగులు పట్టకుండా మొదలుచుట్టూ మట్టిని తీసి, నీరు కాండాన్ని తాకకుండా పాదు చేస్తారు.

చెట్టును పడగొట్టడం అన్నింటిలోకి అపాయకరమైన పని. పడవలసిన దిక్కున కాండం మందంలో నాలుగోవంతు లోతున ఒక గాటు తీసి, ఎదుటి ప్రక్కనుంచి ఒకింత ఎత్తున వెనుకకోత సాగించి, రెంటి నడుమ కొంత కొయ్యను తలుపుకీలువలె మిగల్చవలె. ఆ కీలే చెట్టును దారి తప్పకుండా పడవేస్తుంది. దానిని కూడా తెగగోసినవాని మీదికే చెట్టు తిరుగుతుంది. గాలివానకు ఒరిగి వంగిన కొమ్మలు మరింత అపాయం. కోయగానే విల్లువలె ఎగిరి తంతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, 2014లో హుద్‌హుద్ విశాఖపట్టణపు చెట్లను పెళ్లగించినప్పుడు, దారులు తెరవడానికి ముందు నిలిచినవి రంపం ఎరిగిన చేతులే.

అయితే కొట్టడం తెలిసినవానికి, ఎప్పుడు కొట్టరాదో కూడా తెలిసి ఉండవలె. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత పొలంలోని చెట్టును నరకడానికైనా సాధారణంగా అధికారుల అనుమతి కావలె. మినహాయింపులు ఉన్న జాతులేవో అటవీశాఖవారిని అడిగి తెలుసుకోవచ్చును. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొసలనుంచి ఎండిపోవడం చూసి చాలామంది అవి చచ్చినవనుకున్నారు. అది బూజువల్ల వచ్చే కొమ్మఎండు తెగులు. ఎండినట్లు కనిపించిన చెట్లు చాలావరకు మళ్లీ చిగిర్చాయి. తొందరపడి గొడ్డలి ఎత్తినవారు నిష్కారణంగా నీడ పోగొట్టుకున్నారు.

కాపాడదలచుకుంటే ఎంతవరకు కాపాడవచ్చునో మహబూబ్‌నగరు పిల్లలమర్రి చూపింది. సుమారు మూడెకరాలు పరచుకొని, ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పుకునే ఆ మర్రిని చెదలు తొలిచాయి. 2017లో ఒక పెద్దకొమ్మ కూలింది. 2018లో అటవీశాఖవారు రోగికి సెలైను ఎక్కించినట్లు, చెట్టుకు సీసాలు వేలాడగట్టి పలుచని మందును బొట్టుబొట్టుగా లోపలికి పంపారు. వాలిన కొమ్మలకు కింద స్తంభాల ఊత ఇచ్చారు. చెట్టు నిలిచింది.

ఇంత పని తెలిసిన మనిషి ఏ బడిలోను నేర్వలేదు. తండ్రి వెంట తిరిగి కంపకొట్టడం నేర్చినవాడు, దెబ్బలు తగిలి తక్కినది నేర్చినవాడు. అతని అరచేతుల నిండా ముళ్లతీగ గీసిన గీతలు. తేనెతుట్టె కదిలితే పరుగెత్తవలె, రంపం ఎగిరితే తప్పుకొనవలె. పని ఉన్ననాడు కూలి, పడిననాడు అప్పు. కనుక శ్రోతలకు నా మనవి ఇది. కంచె వేయించేవారు హద్దు ముందుగా చూపించండి. ఇరుగుపొరుగుతో కలిసి వేయించుకునే వీలు చూడండి. చెట్టెక్కేవానికి మంచి మోకు, చేతులకు తొడుగులు, తలకు టోపీ ఉన్నవో లేవో అడగండి. వాటి ఖర్చును బేరంలో తగ్గించకండి. కరెంటు తీగ లాగమని మాత్రం ఎవరినీ అడగకండి.

నేను తిరిగివచ్చే సాయంకాలం ఆ మేస్త్రి చివరి కూసానికి తీగ చుట్టి, ఒక్కసారి వేలితో మీటి చూశాడు. వరుస పొడుగునా సన్నని ధ్వని పాకింది. ఆ తరువాత గట్టుమీది వేపచెట్టు దగ్గర ఆగి, తీగకూ బెరడుకూ నడుమ తన పిడికిలి దూరుతుందో లేదో కొలిచి చూసుకున్నాడు. దూరింది. “ఇంగ ఇది పెరిగినా బాధ లేదు” అని పనిముట్లు సర్దుకున్నాడు.